ఏం మిగల్లేదంటున్నావు, ముందు ఒక నోట్‌బుక్ తియ్యి

హనుమకొండ నుంచి ఒక చెల్లె 2025 డిసెంబర్లో రాసిన ఉత్తరం ఇది. పేరు, గల్లీ వద్దంది కాబట్టి తీసేశాను, కొంచెం కుదించాను కూడా.

"అక్కా, నాలుగేళ్ల నుంచి ఇంట్లోనే సకినాలు, గరిజెలు చేసి అమ్ముతున్నా. మురుకులు, కారప్పూస కూడా చేస్తా గానీ వాటికి పేరు లేదు, నా సకినాలంటేనే అందరికీ ఇష్టం, హైదరాబాద్ నుంచి కూడా అడిగి తెప్పించుకుంటారు. సంఘంలో 75 వేలు లోన్ తీసుకున్నా, ఇంకా 31 వేలు కట్టాలి. అక్టోబరు వానకు ఇంట్లోకి నీళ్లొచ్చి నాలుగు బస్తాల బియ్యం, ఒక బస్తా నువ్వులు తడిసిపోయాయి. పాప ఇంటర్ ఫీజు 38 వేలు ఎట్లనో కట్టిన. ఏడాదంతా నడుం వంచినా చేతిలో ఏం మిగల్లేదు. డిసెంబర్ రాగానే ఫోన్‌లో అందరూ ఈ సంవత్సరం ఇది సాధించాం, అది కొన్నాం అని పెడుతుంటే నిద్ర పట్టడం లేదు. సంక్రాంతికి 140 కిలోల సకినాల ఆర్డర్లు వచ్చాయి, రేటు ఇంకా ఎవరికీ చెప్పలేదు, పోయినసారి లాగే కిలో 280 అనుకుంటున్నారు. మా ఆయన ఇదంతా బంద్ పెట్టు, బట్టల షాపులో చేరితే నెలకు 12 వేలు ఇస్తారంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాధేసింది, రెండోసారి కొంచెం కోపమొచ్చింది, అదీ నీ మీదే. ఏం మిగల్లేదని రాశావు, దానికి పై లైన్లోనే పాప ఫీజు 38 వేలు కట్టానని రాశావు. ఆ పైసలు ఎక్కడివి? మీ ఆయన ఇచ్చాడని లేదు, అప్పు తెచ్చానని లేదు, ఎట్లనో కట్టిన అన్నావు. ఆ ఎట్లనో అంటే సకినాల డబ్బే కదా. లోన్ 75 వేల నుంచి 31 వేలకు దిగింది, అంటే 44 వేలు తీర్చావు, అది కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు. మన ఆడవాళ్ల దగ్గర ఇదొక రోగం, ఇంటికి పోయిన రూపాయిని సంపాదన కింద లెక్కపెట్టం. మగవాళ్లు జీతం తెచ్చి ఇంట్లో ఖర్చుపెడితే ఇల్లు నడిపాడంటారు, మనం తెచ్చి ఖర్చుపెడితే ఏం మిగిలింది అంటారు, ఆ మాట అందరికంటే ముందు మనమే అంటాం.

అట్లాగని నీ వ్యాపారం బ్రహ్మాండంగా ఉందని నేను చెప్పడం లేదు. ఎక్కడో చిల్లు ఉంది, అదెక్కడో నాకు కొంచెం అర్థమైంది, కానీ ముందు ఇంకో మాట.

డిసెంబర్ 31 నీ సంవత్సరం కాదు. బ్యాంకు వాళ్లకు మార్చి 31, మార్వాడీ దుకాణాల్లో దీపావళికి కొత్త పుస్తకం మొదలుపెడతారు, మన ఇండ్లలో ఉగాదికి పంచాంగం వింటాం. పిండివంటలు చేసేవాళ్ల ఏడాది కనుమ దాటాకే అయిపోతుంది. డిసెంబర్ ఆఖర్లో నువ్వు ఎక్కడున్నావో చూడు: బియ్యం కొన్నావు, నూనె డబ్బాలు తెచ్చిపెట్టుకున్నావు, చేతిలో ఉన్నదంతా సరుకులోకి పోయింది, రావాల్సిందేమో ఇంకా మూడు వారాల దూరంలో ఉంది. ఏడాదిలో నీ గల్లా అన్నింటికంటే ఖాళీగా ఉండే వారం ఇదే, సరిగ్గా ఈ వారంలోనే కూర్చుని నా బతుకేంటి అని అడుగుతున్నావు. కోతకు ముందు రోజు గరిసె తెరిచి చూస్తే వడ్లు కనిపిస్తాయా? అందుకని ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న లెక్క, ఒక్క రాత్రి పని. పెద్ద లెక్క జనవరి నెలాఖరుకు.

చిన్న లెక్క ఎట్లా అంటే, నోట్‌బుక్ లేదని నాకు తెలుసు, ఉంటే ఉత్తరంలో అంకెలు ఇంకో నాలుగు కనిపించేవి. ఫర్వాలేదు. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో ఏడాది మొత్తం హిస్టరీ ఉంటుంది, పాప ఇంటర్ చదువుతోంది కదా, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటే గంటలో నెలనెలా వచ్చినవి, పోయినవి రాసిపెడుతుంది. సంఘం పాస్‌బుక్ ఉంది. బీట్ బజార్‌లో సరుకు తెచ్చుకున్న చీటీలు ఏ డబ్బాలోనో ఉంటాయి, లేకపోతే ఆ సేటును అడుగు, నువ్వు మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు. నగదు సంగతి కష్టం అంటావేమో, దానికి గ్యాస్ సిలిండర్ల లెక్క చూడు. ఏ తేదీన బుక్ చేశావో ఫోన్లో మెసేజ్‌లు ఉంటాయి, ఇంటి వంటకు పోయేది తీసేస్తే మిగిలిన సిలిండర్లకు ఎన్ని కిలోలు కాల్చి ఉంటావో నీ చేతికే తెలుసు. మనిషి మాట తప్పుతాడేమో గానీ సిలిండర్ తప్పదు.

వాన సంగతి ఇందులో కలపకు. దానికి వేరే పేజీ. మొంథా తుఫాను అక్టోబరు 28 రాత్రి అక్కడెక్కడో నర్సాపురం దగ్గర తీరం దాటితే తెల్లారి 29న మన నెత్తిన కుండపోత పోసింది, హనుమకొండ, వరంగల్‌లో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో చూశాం. 2023 జులైలో కూడా అంతే, అప్పుడు వరంగల్ మట్టెవాడలో నా కుట్టు షాపులో మోకాలి లోతు నీళ్లు, కస్టమర్ల పెళ్లి బ్లౌజులు పదకొండు బురద పట్టాయి, ఒక్కో ఇంటికి పోయి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో నేనూ నీలాగే ఈ పని నాకు అచ్చిరాలేదు అనుకున్నాను. నాలుగు బస్తాల బియ్యం, ఒక బస్తా నువ్వులు, ఎంతకు కొన్నావో అంత రాయి, కింద గీత గియ్యి, అది నష్టమే, కాదనను. అయితే అది వానతో వచ్చిన నష్టం, నీకు వ్యాపారం చేతకాక వచ్చింది కాదు. దాని నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే, బస్తాలు నేల మీద పెట్టొద్దు. మంచమెత్తు ఇనుప స్టాండు ఒకటి చేయించు, తుక్కు దుకాణంలో దొరికినా సరే. ఆరునెలల సరుకు ఒకేసారి కొనే అలవాటు కూడా మానెయ్యి, వానాకాలంలో అయితే అస్సలు వద్దు.

ఇప్పుడు చిల్లు దగ్గరికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన లైన్ ఇది: మురుకులు, కారప్పూస కూడా చేస్తా గానీ వాటికి పేరు లేదు.

మా వీధిలో ఒకావిడ నీలాగే సకినాలు చేస్తుంది, నీ ఉత్తరం వచ్చాక ఆమెతో కూర్చుని ఒక పూట లెక్క వేశాం. పది కిలోల బియ్యానికి పన్నెండు కిలోల దాకా సకినాలు దిగుతాయంది. బియ్యం 520, నువ్వులు రెండు కిలోలకు 440, నూనె నాలుగు లీటర్లు 640, గిర్ని 120, గ్యాస్ 200, వాము, ఉప్పు, కవర్లు, డబ్బాలు అన్నీ కలిపి 180. మొత్తం 2,100. చుట్టడానికి ఇద్దరు వస్తారు, ఒక్కొక్కరికి 500. అంటే 3,100. నీ రేటు 280 చొప్పున పన్నెండు కిలోలు అమ్మితే వచ్చేది 3,360. మిగిలింది 260 రూపాయలు. నీ దగ్గర నూనె రేటో నువ్వుల రేటో కొంచెం అటూఇటూ ఉండొచ్చు, మార్చి వేసుకో, కానీ పెద్ద తేడా రాదు.

ఆ 260 రూపాయలకు నువ్వు చేసే పని ఏంటి? ముందు రోజు బియ్యం కడిగి నానబెట్టాలి. తెల్లారకముందే లేచి నీళ్లు వంచి, బియ్యం జల్లెడలో వార్చి, గిర్నికి మోసుకుపోవాలి, కారం పట్టిన తర్వాత అదే గిర్నిలో మన బియ్యం పోస్తారేమో అని అక్కడే నిలబడి కాపలా కాయాలి. తడి ఆరకముందే నువ్వులు, వాము వేసి పిండి కలపాలి. పాత కాటన్ చీర పరిచి దాని చుట్టూ కూర్చుంటే ఇక లేవడం ఉండదు, వేళ్ల మధ్య పిండి మెలి తిరుగుతూ చుట్టు మీద చుట్టు పడాలి, నీళ్లు ఒక చుక్క ఎక్కువైతే పరుచుకుపోతుంది, తక్కువైతే సగం చుట్టులో తెగుతుంది. నాలుగో గంటకు బొటనవేలు మొద్దుబారుతుంది. తర్వాత అవి ఆరాలి, విరగకుండా అట్లకాడతో లేపాలి, కాల్చాలి, వడకట్టాలి, చల్లారాక డబ్బాల్లో పేర్చాలి, హైదరాబాద్ పార్శిల్ అయితే బస్టాండుకు తీసుకుపోయి ఆర్టీసీ కార్గోలో వెయ్యాలి, దారిలో విరిగితే ఫోన్లో మాట కూడా పడాలి. చుట్టడానికి వచ్చిన అక్కకు 500, నీకు 260. ఆ అక్క సాయంత్రం ఆరింటికి చేతులు కడుక్కుని ఇంటికి పోతుంది, నువ్వు పదింటికి గిన్నెలు తోముతుంటావు.

ఆడవాళ్లకు బస్సులో జీరో టికెట్ కదా, బీట్ బజార్‌కు పోవడానికి నాకు ఖర్చేం లేదు అనుకుంటావేమో, టికెట్ జీరో అయింది గానీ పోయిరావడానికి పట్టిన సగం పూట జీరో కాలేదు.

మురుకులు చూడు. గొట్టంలో పిండి నొక్కితే పని అయిపోతుంది, మనిషి సాయం అక్కర్లేదు, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి పది కిలోల పిండి ఒక్కదానివే కాల్చేస్తావు. ఆ మా వీధి ఆవిడ లెక్క ప్రకారం కిలో 260కి అమ్మినా పన్నెండు కిలోల మీద వెయ్యి రూపాయల దాకా మిగులుతుందట, అదీ ఒక్క పూటలో. అంటే నీకు పేరు తెచ్చేది ఒకటి, పైసలు తెచ్చేది ఇంకొకటి. పేరు తెచ్చేదాన్ని వదిలెయ్యమనడం లేదు, సకినాల కోసం వచ్చినవాళ్లే పక్కన మురుకులు కొంటారు. కానీ పేరు తెచ్చేదాన్ని నీ కూలి కూడా గిట్టని రేటుకు అమ్ముకుంటూ పైసలు తెచ్చేదాన్ని ఇవి కూడా చేస్తా అని ఒక మూలన పెట్టడం ఏం న్యాయం?

కాబట్టి రేటు. ఎవరికీ ఇంకా చెప్పలేదన్నావు, బతికిపోయావు. కిలో 360 చెప్పు. పన్నెండు కిలోల మీద 960 పెరుగుతుంది, అప్పుడు నీ 260 కాస్తా 1,220 అవుతుంది, అది కూలి అనిపించుకుంటుంది. 140 కిలోల మీద 11,200, ఇది నువ్వు ఒక్క పిండిముద్ద కూడా ఎక్కువ కలపకుండా వచ్చేది. నువ్వు రేటు పెంచి ఎన్నేళ్లయిందో నాకు తెలీదు, కానీ ఈ నాలుగేళ్లలో నూనె డబ్బా రేటు ఎన్నిసార్లు మారిందో నీకు తెలుసు. పోయేవాళ్లు పోతారు, 140లో ఒక ఇరవై కిలోలు తగ్గొచ్చు, తగ్గనీ. అసలు రోజుకు పన్నెండు కిలోల చొప్పున 140 కిలోలంటే పన్నెండు రోజులు, భోగికి రెండు రోజుల ముందే అన్నీ చేరాలంటే ఈ నెల 30న బియ్యం నానాలి. ఇంకెవరు అడిగినా తీసుకోకు, ఈసారి అయిపోయాయని చెప్పు, ఆ మాట కూడా పేరే తెస్తుంది.

రేటు చెప్పేటప్పుడు సంజాయిషీ వద్దు. మనం ఏం చేస్తామంటే, అక్కా ఏమనుకోకు నూనె పిరమైంది అందుకని నేను కూడా అని మొదలుపెట్టి అవతలివాళ్లకు బేరం ఆడే సందు ఇస్తాం. నేనైతే ఇట్లా పెడతాను: "సంక్రాంతి సకినాలు కిలో 360. సగం అడ్వాన్స్ ఈ ఆదివారం లోపు వేస్తే ఆర్డర్ ఖాయం. మురుకులు, కారప్పూస కిలో 280, ఎన్ని కావాలో చెప్పండి." అంతే, దండం పెట్టే బొమ్మ కూడా వద్దు.

అడ్వాన్స్ అనగానే నీకు ఎవరు గుర్తొస్తారో నాకు తెలుసు. మనోళ్లు. ఉద్దెర గురించి ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు నువ్వు, రాయలేదంటేనే చాలా ఉందని అర్థం. ఆడబిడ్డ బిడ్డ పెళ్లికి సారెలో పెట్టడానికని ఇరవై కిలోలు, యారాలి ఇంట్లో ఒడిబియ్యానికి పది కిలోలు, మేనత్త కొడుకు దుబాయ్ పోతుంటే మూడు కిలోలు, ఇవన్నీ తర్వాత ఇస్తాంలే అన్నవే కదా. ఒక కాగితం మీద పేరు, కిలోలు, తేదీ రాయి. వసూలు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు మొత్తం ఎంతో నీకు తెలియాలి. పెట్టాల్సిన చోట పెట్టు, ఆడబిడ్డ బిడ్డ పెళ్లికి అయిదు కిలోలు నా తరఫున అని నోరు తెరిచి చెప్పి పెట్టు, అప్పుడది నువ్వు పెట్టిన సారె అవుతుంది, మిగతా పదిహేనుకు పైసలు అడగడానికి మొహమాటం ఉండదు. ఏమీ చెప్పకుండా ఇరవై ఇచ్చేస్తే అది సారె కాదు, ఉద్దెర కూడా కాదు, నీ మనసులో ముల్లు.

నా సంగతి చెప్తాను. షాపు పెట్టిన మూడో ఏడు ఒక ప్రైవేటు బడి వాళ్లు 240 జతల యూనిఫాంలు కుట్టించుకున్నారు. అంత పెద్ద ఆర్డర్ అని నాకు కాళ్లు నేల మీద ఆగలేదు, ఇద్దరు పిల్లలను పనికి పెట్టుకున్నాను, రాత్రిళ్లు కుట్టాను, డిసెంబర్ 31న కూర్చుని ఈ ఏడాది నా సంపాదన ఇంత అని ఆ బిల్లు కూడా కలిపి రాసుకున్నాను, మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆ పైసలు పద్నాలుగు నెలలు తిరిగాను. అకౌంటెంట్ లేడు, సార్ మీటింగ్‌లో ఉన్నాడు, వచ్చే సోమవారం రండి. చివరి విడత ఇప్పటికీ రాలేదు, ఇక రాదు. అప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో రెండు వరుసలుంటాయి, చేతికొచ్చినవి ఒక వైపు, రావాల్సినవి ఒక వైపు, రెండో వరుసను నేను ఎప్పుడూ కూడను. చూసి ఫోన్లు చేస్తాను, అంతవరకే.

ఇక మీ ఆయన మాట. నువ్వది అవమానంగా తీసుకున్నావేమో, నాకు అట్లా అనిపించలేదు. నిద్రలేకుండా నువ్వు పడే పాట్లు ఆయన చూస్తున్నాడు, ఆయనకు తెలిసిన దారి చెప్పాడు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకో. 12 వేలకు నెలలో 26 రోజులు పని అంటే రోజుకు 460 చిల్లర. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉద్యోగం, పండగ సీజన్‌లో సెలవు దొరకదు, పాప పరీక్షలప్పుడు కూడా కష్టమే, కానీ నెల తిరిగేసరికి జీతం వస్తుంది, వానొచ్చినా వస్తుంది. నీ వైపు ఏముందో చూడు. ఏడాదిలో చేతికి వచ్చిన మొత్తం నుంచి సరుకు, కూలి, గ్యాస్ తీసేసి, నువ్వు నిజంగా పని చేసిన రోజులతో భాగించు. పాప ఫీజు, ఇంటికి వాడినవి, లోన్‌లో తీర్చిన అసలు, ఇవి తీసెయ్యకు, అవన్నీ సంపాదించాకే కదా కట్టావు. వచ్చిన అంకె 460 దాటితే ఆయనకు చూపించు, గొడవపడకు, కాగితం చూపించు. దాటకపోతే, ఈ కొత్త రేటుతో సంక్రాంతి చేశాక మళ్లీ ఒకసారి లెక్క వెయ్యి.

అప్పటికీ దాటకపోతే? నేను దాచను, అప్పుడు షాపులో చేరడమే మంచిది, ఏడాదిలో రెండు సీజన్లు మాత్రం, సంక్రాంతి, వేసవి పెళ్లిళ్లు, ఆర్డర్ల మీద చేసుకో. సీజన్ వ్యాపారం చేయడం ఓడిపోవడమేం కాదు, పతంగులు అమ్మేవాడు జులైలో పతంగులు అమ్మడం లేదని ఏడుస్తాడా? కానీ నీ ఉత్తరం చూస్తే నాకైతే అంతదాకా రాదనిపిస్తోంది. హైదరాబాద్ నుంచి అడిగి తెప్పించుకునే సరుకు నీ చేతిలో ఉంది, తక్కువకు అమ్ముతున్నావు, అంతే.

సంక్రాంతి పైసలు రాగానే లోన్ మొత్తం ఒకేసారి కట్టేసి నెత్తి మీద బరువు దించుకుందామని అనిపిస్తుంది. వద్దు. నెలనెలా కట్టేది కడుతూ పో, సంఘంలో నీ పేరు బాగుంటే రేపు మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి అడిగినా ఇబ్బంది ఉండదు. ఒక 15 వేలు పక్కన పెట్టు. ఎందుకంటే ఫిబ్రవరి, మార్చిలో ఎనుమాముల మార్కెట్ మొత్తం మిర్చితో ఎర్రగా ఉంటుంది, అప్పుడు కొని ఎండబెట్టి పట్టించుకుంటే ఏడాదికి సరిపోతుంది. మన చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం పంటే అన్న ప్రభుత్వ ముద్ర, వచ్చింది, కారం తక్కువ, రంగు మాత్రం కళ్లు చెదిరేట్టు ఉంటుంది, మామిడి తొక్కుకు దాన్ని మించింది లేదు. ఆ పేరు చెప్పి అమ్ముకునే హక్కు మన వరంగల్ వాళ్లకంటే ఎవరికుంది? పండగ అయిపోయాక నువ్వు చేతులు ముడుచుకుని కూర్చునే నెలలు అవే కదా, కారప్పొడి, పల్లికారం, తర్వాత తొక్కు, వీటిలో చుట్టే పని లేదు. బెల్లం మాత్రం ఇప్పుడే తెచ్చుకో, జనవరి 28 నుంచి 31 దాకా మేడారం జాతర, అమ్మవార్లకు బెల్లాన్నే బంగారం అని సమర్పిస్తారు కాబట్టి ఊళ్లకు ఊళ్లు కొంటాయి, ఆ వారం బజార్లో నువ్వు గరిజెలకని అయిదు కిలోలు అడిగితే నీ వైపు ఎవరూ చూడరు.

కాగితాల విషయం తొందరగా చెప్పేస్తా. తినే వస్తువులు అమ్మేవాళ్లకు ఫుడ్ లైసెన్స్ వాళ్ల రిజిస్ట్రేషన్ ఉండాలి, చిన్నవాళ్లకు ఫీజు పెద్దగా ఉండదు, పద్నాలుగు అంకెల నంబర్ వస్తుంది, దాన్ని డబ్బా మీద వేసుకుంటే హైదరాబాద్ గిరాకీలకు నమ్మకం. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్‌తో పాప ఫోన్లో చేసేస్తుంది, దానికి రెండు వేలు అడిగే ఏజెంట్ దొరికితే దూరంగా ఉండు. జీఎస్టీ గురించి ఎవరో భయపెట్టి ఉంటారు, సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రలో 40 లక్షల టర్నోవర్ దాకా ఊరట ఉంది, మన తెలంగాణలో అది 20 లక్షలే, అయినా నువ్వు దాని దరిదాపుల్లో లేవు. వేరే రాష్ట్రానికి అమ్మడం మొదలుపెడితే మాత్రం లెక్క వేరు, అప్పుడు తెలిసినవాళ్లను అడిగి చెయ్యి.

ఫోన్లో వచ్చే పోస్టుల సంగతి రాశావు. చూడకు అని చెప్పను, నేనూ చూస్తాను. మొన్న ఒకావిడ కొత్త కారు ముందు నిలబడి ఈ ఏడాది నా కష్టం అని పెట్టింది, బాగుంది, ఆమె నాకు తెలుసు, కష్టపడేదే. ఆ కారుకు నెలకు 14 వేలు కిస్తీ అని పెట్టలేదు, పెట్టాల్సిన అవసరం కూడా లేదు. ఎవరి లెక్క వాళ్ల నోట్‌బుక్‌లో ఉంటుంది, పోస్టులో ఉండేది ఫోటోనే. నీకు పోస్టు పెట్టాలనిపిస్తే పాప కాలేజీ ఫీజు రసీదు పెట్టు. సిగ్గనిపిస్తే పెట్టకు, బియ్యం డబ్బా పైన గోడకు అతికించుకో. నీ దగ్గర చుట్టడానికి వచ్చే ఆ ఇద్దరికి ఏడాదిలో ఎంత కూలి ఇచ్చావో కూడా ఒకసారి కూడు, ఆ అంకె చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. ఆ రెండిళ్లకు నువ్వే షాపు.

అన్నట్టు ఆ లెక్క వేసే రాత్రి ఒక్కదానివే కూర్చోకు. పాప ఉండాలి, కుదిరితే మీ ఆయన కూడా. చాయ్ పెట్టుకోండి, టీవీ ఆపండి. ఆయన నూనె రేటు విని నోరెళ్లబెడితే నవ్వకు.

నాకు రెండు కిలోల సకినాలు, కిలో మురుకులు రాసుకో. నువ్వులు ఎక్కువ వెయ్యి, వాము తక్కువ. 360 చొప్పున సగం అడ్వాన్స్ ఇవాళే వేస్తాను, 280కి ఇస్తానంటే మాత్రం ఆర్డర్ క్యాన్సిల్.